కసాయి దేశపు వియ్యపురాలు

నరసరావుపేట,
ఆదివారం.

చిరంజీవి శివనాగరాజుకు అక్క కోటేశ్వరి దీవించి రాయునది.

ఇక్కడ అమ్మ, మీ బావ, నేను, కంకు అందరం క్షేమం. అక్కడ నిన్ను ఆ కోటప్పకొండ స్వామి కనిపెట్టుకుని ఉండాలి. క్షేమం అన్న మాటను ప్రతిసారీ చెయ్యి దానంతట అదే రాసుకుపోయేది. ఈసారి రాశాక పెన్ను పైకెత్తి ఆ మాట వంక కాసేపు చూశాను. కొట్టెయ్యలేదు. అది ఏపాటి క్షేమమో మొత్తం చదివితే నీకే తెలుస్తుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. దాన్ని, సెలవు అయిపోయి మీ ప్లాంటుకే తిరిగొస్తున్న జీవన్‌కి నోటితోనే చెప్పి పంపుతున్నాను. మీ ప్లాంటు గేటు దాటి లోపలికి రాగానే ముందు ఆ మాట నీ చెవిన వేసి, ఆ తర్వాతే ఈ కవరు నీ చేతికి ఇమ్మన్నాను. కాబట్టి ఇది విప్పేసరికి నీకు అసలు విషయం తెలిసే ఉంటుంది. అయితే అది ఎలా బయటపడిందో నేనే చెప్పాలి. అందులో నేను చేసిన పని ఒకటుంది. దాన్ని ఇంకొకరి నోట నువ్వు వినడం నాకిష్టం లేదు.

మీ వైపు గొడవలు మొదలై నెట్టూ ఫోన్లూ ఆపేశాక, కాంగోలో నువ్వు ఎలా ఉన్నావో తెలియాలంటే సెలవు మీద వచ్చిపోయే మన పిడుగురాళ్ల వాళ్లే మాకు దిక్కయ్యారు. రాజీవ్ తెచ్చిన నీ ఉత్తరం అందింది. అందులో అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను.

కంకు తింటోందా అని అడిగావు. తింటోంది. మొదట్లో మన కూరల కారానికి కళ్లనీళ్లు పెట్టుకున్న పిల్ల, ఇప్పుడు గోంగూరలోకి పచ్చిమిరపకాయ అడిగి మరీ నంజుకుంటోంది. మొక్కజొన్న పిండి ఆడించుకొచ్చి వాళ్ల న్షిమా తనే వండుకుంటుంది. తెడ్డు పెట్టి కలియతిప్పుతుంటే అమ్మ తొంగిచూసి, "ఇదేంది, సంకటే గదా" అని నాతో అంది. అంది కానీ చెయ్యి పెట్టలేదు.

అమ్మ దానితో మాట్లాడుతోందా అని అడిగావు. నిజం రాస్తున్నాను, మొన్నటిదాకా లేదు. "ఏమే కోటేశ్వరీ, ఆ పిల్లని మందేసుకోమను" అని నాకు చెప్పేది. ఆ పిల్ల పక్కనే కూర్చుని ఉండేది. నువ్వు మాటమాత్రం చెప్పకుండా అక్కడ ఆ పిల్లని రిజిస్టరు పెళ్లి చేసుకున్నావన్న కోపం అమ్మకి ఇంకా పోలేదు. దానికితోడు వీధిలో మాటలు. ఎదురింటి వెంకాయమ్మత్త ఒకనాడు మన అరుగు మీదికి వచ్చి, "మీది ఏ దేశమమ్మా?" అని కంకును అడిగింది. పిల్ల తెలుగులోనే, "మాది కసాయి" అంది. అత్త మొహం నల్లబడిపోయింది.

"కసాయోళ్లా! ఏమే లింగమ్మా, నీ కొడుక్కి ఇంకెవురూ దొరకలేదటే?"

అది వాళ్ల తాతల ప్రాంతం పేరనీ, ఆ పేరుతో పెద్ద నది కూడా ఉందనీ నేను వెనకనుంచి ఎంత చెప్పినా వినకుండా వెళ్లిపోయింది. ఆ సాయంత్రానికి వీధంతా అదే మాట. మన భాషలో ఆ మాటకి అర్థమేమిటో కంకు నన్ను అడిగి తెలుసుకుని నవ్వింది. "అక్కడ మమ్మల్ని పురుగులంటారు అక్కా. దానికంటే కసాయి నయమే" అంది. నిన్ను విని విని తనకి కూడా నన్ను అక్కా అని పిలవడమే అలవాటైంది. నేనూ నవ్వాను. పురుగులు అన్న మాట వెనక ఏముందో అప్పటికి నాకు తెలియదు.

ఇక నీ మూడో ప్రశ్న. "దానికి చెప్పలేదు కదా అక్కా?" అని అదే మాట రెండుచోట్ల రాశావు.

మీ అత్తగారు కపింగమ్మ ఇంటికి నిప్పు పెట్టారని, ఆమె ఏమైందో తెలియడం లేదని రాశావు. ఆస్పత్రుల్లో, చర్చిల్లో, రైల్వే స్టేషన్ దగ్గర కసాయి వాళ్లు తలదాచుకున్న షెడ్లలో, అన్నిచోట్లా వెతికానన్నావు. కాన్పు అయ్యేదాకా ఈ కబురు కంకు చెవిన పడకూడదని నా మీద ఒట్టు పెట్టావు. రబియా కూడా అదే చెప్పింది. నాతో చదువుకున్న రబియా గుర్తుంది కదా, ఇప్పుడు నరసరావుపేటలో కాన్పుల వార్డులో నర్సు. పోయినసారి పరీక్ష చేసి, "బీపీ బాగా ఎక్కువుంది కోటేశ్వరీ. ఎనిమిదో నెలలో ఇట్టా ఉంటే ఫిట్స్ రావొచ్చు. తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే. చెడ్డ కబుర్లేమీ దాని దగ్గరికి రానియ్యొద్దు" అంది.

నీ మాట నిలబెట్టడానికి నేనేం చేశానో విను. నెట్టు ఉన్న పక్క ఊళ్ల వాళ్ల దగ్గర్నుంచి కంకు ఫోన్‌కి మీ ఊరి గొడవల వీడియోలు రోజూ వచ్చేవి. కాలుతున్న ఇళ్లు, రోడ్డున పడ్డ సామాన్లు. ఏ పూట ఏ వీడియోలో తన ఇల్లు కనపడుతుందోనని నాకు అన్నం సయించేది కాదు. ఒకరోజు ఫోన్ ఛార్జింగ్ ఎక్కడం లేదని అంటే, బాగుచేయించుకొస్తానని తీసుకెళ్లాను. షాపుకి ఇవ్వలేదు. మా అంగన్‌వాడీలో పిల్లల పిండి డబ్బాల వెనక దాచి తాళం వేశాను. అడిగినప్పుడల్లా, పార్టు గుంటూరు నుంచి రావాలంట అనేదాన్ని. రోజూ పొద్దున్నే నా ఫోన్ తీసుకుని తన అమ్మ నంబరు కలిపేది. కలిసేది కాదు. "లైన్లు లేవు గదా కంకూ. శివా చూసొచ్చాడంట, మీ అమ్మ బాగుందంట" అనేదాన్ని. అంగన్‌వాడీలో పిల్లలకి అబద్ధం చెప్పకూడదని పద్యం నేర్పి, ఇంటికొచ్చి ఇది చేసేదాన్ని.

శుక్రవారం పొద్దున నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కంకు గడప మీద కూర్చుని ఉంది. వాచిన కాళ్లు బార్లా చాపుకుని నన్నే చూస్తోంది. రోజూ అడిగినట్టే అడిగింది, రోజూ చెప్పినట్టే చెప్పాను. ఆ తర్వాత అంది:

"అక్కా, మా భాషలో ఒకే మాటని పైకి అంటే ఒక అర్థం, కిందికి అంటే ఇంకో అర్థం. మా పిల్లలు మాట కన్నా ముందు రాగం నేర్చుకుంటారు. నాకు తెలుగు చానా రాదు గదా. అందుకని నేను నీ మాట వినను, నీ రాగం వింటా. అన్నం ఉడికింది అనేటప్పుడు నీ రాగం ఒకటి. మీ అమ్మ బాగుంది అనేటప్పుడు ఇంకొకటి. రోజూ ఆ మాట దగ్గరే కిందికి పోతంది."

నేను వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహంలో దొరికిపోతానని భయం.

"మా అమ్మ చచ్చిపోయిందా?" అని అడిగింది.

శివా, అక్కడ ఇంకో అబద్ధం చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఏ రాగంలో చెప్పాలి? చెప్పేశాను. ఇల్లు తగలబెట్టారని, ఆమె కనపడటం లేదని, నువ్వు వెతుకుతున్నావని. ఒట్టు పెట్టించుకున్నావు, అది తప్పాను. అది కోప్పడాల్సిన తప్పే అయితే కోప్పడు. కానీ మిగతాది కూడా చదివాక కోప్పడు.

పిల్ల ఏడవలేదు. "ఎక్కడ వెతికాడు?" అని అడిగింది. నీ ఉత్తరంలో ఉన్నవన్నీ చెప్పుకొచ్చాను. స్టేషన్ అనగానే గోడ పట్టుకుని లేచింది.

"స్టేషన్‌కా? మా అమ్మ చచ్చినా స్టేషన్‌కి పోదు."

అప్పుడు చెప్పింది అదంతా. నీకు ఎప్పుడూ చెప్పలేదంట. వాళ్లమ్మ ఎవరికీ చెప్పొద్దని మాట తీసుకుందంట. నేను విన్నది విన్నట్టు రాస్తాను, ఎందుకంటే నువ్వు కాపురం చేస్తున్నది ఆ కథలోంచి వచ్చిన పిల్లతో.

కంకు వాళ్ల లూబా జాతివాళ్లందరూ మొదట ఒకే చోట ఉండేవాళ్లని వాళ్ల పెద్దలు చెబుతారట. ఆ చోటుని న్సంగా లుబంగు అంటారు. విడిపోయి తలోదారి పట్టేటప్పుడు ఒక్కో వంశం వాళ్లు అక్కడి చెట్టుకి తమ గుర్తుగా ఒక గాటు పెట్టి కదిలారట. ఆ చోటు ఉన్నది ఇప్పుడు నువ్వుంటున్న కటంగా వైపేనట. కంకు వాళ్ల శాఖ నడుచుకుంటూ నడుచుకుంటూ కసాయి నది సీమకి చేరింది. ఎన్నో తరాల తర్వాత తెల్లవాళ్లొచ్చి కటంగాలో రాగి తవ్వడం మొదలుపెట్టారు. పనికి మనుషులు కావాలని కసాయి నుంచి రైళ్లలో ఎక్కించి తెచ్చారు. కంకు ముత్తాత ఆ రైల్లోనే వచ్చాడు. గనుల్లో పనిచేసి, ఇల్లు కట్టుకుని, అక్కడే పోయాడు. ఆయన పిల్లలూ మనవలూ అక్కడే పుట్టారు.

"పెద్దోళ్ల లెక్కన చూస్తే మేము వచ్చింది మా పాత ఇంటికే అక్కా" అంది కంకు. "అక్కడోళ్ల లెక్కన చూస్తే మేము పరాయోళ్లం."

నువ్వు చిన్నప్పుడు బడికి పోతున్న రోజుల్లో అక్కడ పెద్ద గొడవ జరిగింది. మీ కసాయికి మీరు పొండి అని లికాసి పట్నంలో ఇళ్ల మీద పడ్డారు. బిలూలు అని అరిచారట, అంటే పురుగులు. జనమంతా చేతికందింది పట్టుకుని రైల్వే స్టేషన్‌కి పారిపోయారు. రైలు ఈ రోజు వస్తుంది, రేపు వస్తుంది అని నెలల తరబడి ఆ స్టేషన్ చుట్టూ గోనెపట్టాల కింద బతికారు. కపింగమ్మ కూడా అక్కడే ఉంది. మొగుడు, ఇద్దరు కవల ఆడపిల్లలు, కడుపులో ఇంకో బిడ్డ. కసాయి ఎలా ఉంటుందో ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడనే లేదు. నా దేశానికి పొమ్మంటున్నారు, ఏది నా దేశం అని మొగుణ్ణి అడిగేదట.

వాళ్లలో కవలలు పుడితే పేర్లు వెతుక్కోరు. ముందు పుట్టిన బిడ్డ ఎంబుయి, తర్వాత పుట్టిన బిడ్డ కబంగ. ఏ ఇంట్లోనైనా అంతే. స్టేషన్‌లో తట్టు వచ్చింది. ఎంబుయి పోయింది, ఆ వెనకే కబంగ పోయింది. ఇద్దరినీ పట్టాల వెనక పూడ్చారు. చివరికి పైకప్పు లేని పెట్టెలతో ఒక రైలొచ్చింది. మొగుడు ఎక్కి చెయ్యి అందించాడు. కపింగమ్మ ఒక కాలు పెట్టి, మళ్లీ దిగిపోయింది. రైలు కదిలిపోయింది.

ఆ స్టేషన్‌లో నీళ్లమ్మే ఒక మనిషి ఉండేది. పేరు మ్వాపే. కసాయి మనిషి కాదు, అచ్చంగా కటంగా మనిషి. రైలు పోయాక పట్టాల మీద ఒంటరిగా కూర్చున్న కడుపుతో ఉన్న ఆడదాన్ని చూసి, నీళ్లు తాగించి, తలమీద గుడ్డ కప్పి తన పల్లెకి తీసుకుపోయింది. గొడవలు సద్దుమణిగేదాకా మొక్కజొన్న గాదె పక్క గదిలో దాచింది. ఆ గదిలోనే ఈ పిల్ల పుట్టింది. కవలల తర్వాత పుట్టిన బిడ్డని వాళ్లు కంకు అంటారు. "నా పేరు నాకు పెట్టింది కాదక్కా. వాళ్ల వెనక వచ్చానని పెట్టింది" అంది.

తండ్రి తర్వాత తిరిగొచ్చి వాళ్లని కలుసుకున్నాడు. పక్క పట్నానికి మారారు. కానీ కపింగమ్మ, ఆ రెండు గుంతలు ఉన్న సీమ వదిలి ఎక్కడికీ రాలేదు. నువ్వు ఎంత బతిమాలినా ఇండియాకి ఎందుకు రానందో ఇప్పుడు అర్థమైందా?

"మళ్లీ ఎప్పుడైనా తరిమితే నేను రైలు దిక్కుకి పోను, మ్వాపే దిక్కుకి పోతానని మా అమ్మ నాకు చెప్పింది" అంది కంకు. "నేను శివాకి చెప్పలేదు. చెబితే మ్వాపే ఇంటికే చేటని అమ్మ భయం. మ్వాపే కూతురు లుబుంబాషిలో పిండి అమ్ముతది. ఆ ఊళ్లో ఫోన్లు పనిచేస్తాయి గదా. దాని నంబరు నా ఫోన్లో ఉంది. అక్కా, షాపోడు ఫోన్ ఎప్పుడిస్తాడు?"

పొయ్యి మీది గిన్నె దించేశాను. నువ్వు స్టేషన్లు వెతుకుతున్నావు. నేను ఇక్కడ ఫోన్ దాచుకుని కూర్చున్నాను. మనిద్దరం ఆ పిల్లని కాపాడుతున్నామనుకున్నాం. వాళ్లమ్మ ఎక్కడుందో తెలిసిన మనిషి లోకంలో ఆ పిల్ల ఒక్కతే.

ఫోన్ షాపులో లేదని చెప్పాను. ఎక్కడుందో చెప్పాను. నా వంక చూసిన చూపు నేను బతికున్నన్నాళ్లూ మరిచిపోను. తిట్టలేదు. "తీసుకురా" అని ఒక్క మాట అంది.

అమ్మ వసారాలో మినుములు చెరుగుతోంది. చేట ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియదు. నేను చెప్పులేసుకుంటుంటే నన్ను ఆపి, "ఆ పిల్లకాయలిద్దరూ ఆడనే ఉండారా, ఆ పట్టాల కాడ?" అని అడిగింది. అవునన్నాను. చేట పక్కన పెట్టి లేచింది.

అంగన్‌వాడీకి పరిగెత్తి, తాళం తీసి, ఫోన్ పట్టుకుని వచ్చేసరికి మన వీధి మొదట్లోకే అమ్మ కేకలు వినపడ్డాయి. కంకుకు తలపోటు వచ్చిందట, కళ్ల ముందు మెరుపులు అందట, అంతలోనే పడిపోయింది. నేను లోపలికి వెళ్లేసరికి ఒళ్లంతా కొట్టుకుపోతోంది. అమ్మ నేల మీద కూర్చుని పిల్లని ఒక పక్కకి తిప్పి, తల ఒళ్లో పెట్టుకుని, "రాండర్రా, ఎవురన్నా రాండర్రా" అని అరుస్తోంది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది వెంకాయమ్మత్తే. 108కి ఫోన్ చేసింది ఆమె కోడలు. అత్త రోడ్డు మీదికి పోయి సున్నం లారీలకి అడ్డం నిలబడి అంబులెన్సుకి దారి ఇప్పించింది.

శివా, ఇంకా ఒక సంగతి దాచాను. నేను ఈ ఉత్తరం ఇంట్లో కూర్చుని రాయడం లేదు. ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. మేమొచ్చి ఇది మూడో రోజు. ముందే రాస్తే అక్షరాలు నీ కంటికి ఆనవని రాయలేదు. ఇప్పుడు కుదుటపడు. పిల్ల బాగుంది. స్పృహలో ఉంది, మాట్లాడుతోంది. బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోంది, నేను నా చెవులతో విన్నాను.

ఆ రోజు అంబులెన్సులో పిడుగురాళ్ల దాటాక మళ్లీ ఒకసారి ఫిట్స్ వచ్చింది. దారి పొడవునా అమ్మ దాని దవడ మీద చెయ్యి వేసి, "కంకూ, కళ్లు తెరువమ్మా. కంకూ, నేను" అంటూనే ఉంది. ఆ పిల్లని అమ్మ పేరు పెట్టి పిలవడం నేను అప్పుడే విన్నాను. ఇక్కడ రబియా గేటు దగ్గరే ఎదురొచ్చింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. ఆ రాత్రంతా ఏ మాటా చెప్పలేమన్నారు. నేను రబియాని పట్టుకుని, "నేను చెప్పబట్టేనా ఇట్టా అయింది?" అని ఏడ్చాను. "ఆ కాళ్ల వాపు ఎప్పటినుంచి ఉంది? అప్పుడే తీసుకురావాల్సింది. ఇది వచ్చేదే, నువ్వు చెప్పినా వచ్చేది, చెప్పకపోయినా వచ్చేది" అంది. ఆమె మాట నిజమే కావొచ్చు. నాకు మాత్రం సగమే నమ్మకం.

నిన్న పొద్దున కళ్లు తెరిచి కంకు అడిగిన మొదటి మాట, "ఫోన్". డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఆమెకి నచ్చజెప్పడానికి నా మాట మీద నాకే నమ్మకం పోయింది. అమ్మ లేచి నిలబడింది.

"అమ్మా డాక్టరమ్మా, తెలవకుండా పండబెడితే దానికి నిమ్మళం ఎట్టా వస్తది? దాని తల్లి ఉందో లేదో దానికి తెలవాల. మేము మంచి చేస్తన్నామని ఇన్నాళ్లు దాచాం. ఏం బాగుపడింది? ఇయ్యండి."

డాక్టరమ్మ బీపీ చూసి, పక్కనే ఉంటానని చెప్పి ఒప్పుకుంది. రబియా తన చార్జరుతో తంటాలుపడి ఆ ఫోన్ వెలిగించింది, నంబరు నేనే నొక్కాను. మ్వాపే కూతురు ఎత్తింది. ఇద్దరూ వాళ్ల స్వాహిలీలో గబగబా ఏదో మాట్లాడుకున్నారు. వాళ్ల పల్లెకి లుబుంబాషి వైపు సిగ్నల్ అందుతుందట, ఆ అమ్మాయి తన అమ్మ నంబరు కలిపింది. చాలాసేపు మోగింది. ఒక ముసలి గొంతు పలికింది, అది మ్వాపే. కంకు రెండు ముక్కలు అడిగింది. అవతల ఎవరో నడుస్తున్న చప్పుడు. తలుపు చప్పుడు. తర్వాత ఇంకో గొంతు, బొంగురుగా, పొగ మింగినట్టు:

"ముఆనా వన్యీ."

నా బిడ్డా అని. మాకెవరూ అర్థం చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది.

కపింగమ్మ బతికే ఉంది శివా. జీవన్ చెప్పే ఉంటాడు, అయినా నా చేత్తో రాసుకోవాలనిపించింది. కాళ్లు కాలాయి. ఇల్లు అంటుకోగానే వెనక గోడ దాటి, చేలకడ్డంపడి నడిచి మ్వాపే ఇంటికి చేరింది. అదే గదిలో ఉంది. కానీ ఎక్కువ రోజులు అక్కడ ఉండటానికి లేదు. కుర్రాళ్లు పల్లెల్లో కసాయి వాళ్ల కోసం ఇల్లిల్లూ అడుగుతున్నారట. మ్వాపే సొంత మనవడే వాళ్లలో తిరుగుతున్నాడట. నీ మొగుణ్ణి పంపించు, కంపెనీ బండిలో పగలే రమ్మను అని మ్వాపే కంకుకు చెప్పింది. కపింగమ్మ మాత్రం రానంది. నా పిల్లలు ఇక్కడున్నారు, నేను ఎక్కడికి పోను అంది. కంకు ఎంత బతిమాలినా అదే మాట. డాక్టరమ్మ ఇక చాలు, ఆపమంది.

అప్పుడు అమ్మ ఫోన్ లాక్కుంది. అవతల మనిషికి తెలుగు ముక్క రాదన్న ధ్యాస కూడా లేదు.

"వదినా, నేను లింగమ్మని. నీ వియ్యపురాల్ని. నీ కూతురు మాట కాదు, నా మాట విను. మా ఊరు సాగర్ నీళ్ల కింద మునిగిపోయింది. అప్పటికి నేను చంటిపిల్లని. మా అన్నని పూడ్చిన చోటు కూడా ఆ నీళ్లలోనే పోయింది. మా అమ్మ ఏటా విజయపురి సౌత్ బస్సెక్కి పోయి, గట్టు మీద నిలబడి ఆ నీళ్ల వంక చూసొచ్చేది. పిల్లల్ని మట్టిలో పెట్టి రావటమంటే ఏందో నాకు తెలవదని అనుకోబాక. కానీ వదినా, మా అమ్మ అక్కడనే కూర్చుని ఉంటే నేను బతికేదాన్ని కాదు. పోయిన ఇద్దరికీ నువ్వు ఇన్నేళ్లు కావలి ఉండావు. ఉన్నది ఒక్కతి, ఈడ మంచం మీద పడి ఉంది. తొలికాన్పు తల్లి చెయ్యాల. నేను అత్తని, ఇన్నాళ్లు ఆ పిల్లతో పలకను కూడా పలకలేదు, దానికేం కావాలో నాకెట్టా తెలుస్తది? నువ్వు రావాల. రా వదినా."

కంకు అదంతా వాళ్ల భాషలో చెప్పింది. మధ్యలో ఒక మాట అర్థం కాక నన్ను అడిగి, మళ్లీ చెప్పింది. వదినా అన్న మాటకి దానికి వేరే మాట దొరకలేదేమో, దాన్ని అలాగే వదినా అనే అంది. ఫోన్ కట్ అయిందేమోనని రబియా వంగి చూసింది. ఆ తర్వాత కపింగమ్మ మెల్లగా ఒక మాట అంది. కంకు కళ్లు తుడుచుకుని మాకు తెలుగులో చెప్పింది.

"తనని స్టేషన్ రోడ్డున తీసుకుపోవద్దని శివాకి చెప్పమంటంది."

అంటే వస్తానని.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చెబుతాను. జీవన్‌కి కూడా చెప్పాను, నువ్వు మళ్లీ చదువుకో. మీ కంపెనీ హైదరాబాదు ఆఫీసుకి ఫోన్ చేస్తే కబురు చేరుస్తామన్నారు, చేర్చారో లేదో నాకు తెలియదు. మ్వాపే కూతురు ఒకసారి మీ గేటు దాకా వస్తే కాపలావాళ్లు వెనక్కి పంపేశారట. అందుకే జీవన్‌ని నమ్ముకున్నాం. లుబుంబాషి పోయే పెద్దరోడ్డు మీద ఇటుక బట్టీలు దాటాక, నీలం తలుపుల చిన్న చర్చి వస్తుందట. అక్కడ కుడివైపు మట్టిరోడ్డు. మొదటి ఇల్లు కాదు, గాదె ఉన్న ఇల్లు. పగలు వెళ్లు. బండి మీద కంపెనీ బోర్డు ఉండాలి. తలుపు దగ్గర మ్వాపే పేరు గట్టిగా పిలవకు. "మోయో, మాము" అను చాలు. అది వాళ్ల దండం. ఆ రాగం ఎలా ఉండాలో నీకు తెలుసు, కంకు రోజూ నీతో అనేదే. స్టేషన్ రోడ్డుకి పోకుండా చుట్టూ తిరిగి లుబుంబాషి చేర్చు. పాస్‌పోర్టూ వీసా సంగతులు తర్వాత చూద్దాం. ముందు ఆమె ఆ పల్లె దాటాలి. నీకు భయం ఉంటుందని తెలుసు. నాకూ ఉంది. వెళ్లకు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

కంకుకు రేపు పొద్దున ఆపరేషన్ చేస్తామన్నారు. బీపీ మందుతో నిలకడగా ఉంది, ఇంక ఆగడం మంచిది కాదట. ఈ ఉత్తరం నీకు చేరేసరికి నువ్వు తండ్రివై ఉంటావు. ఏం పుట్టిందో నేను ఇప్పుడు రాయలేను. అక్కడ నువ్వూ, ఇక్కడ మేమూ, ఒకరికి తెలియకుండా ఒకరం గండం దాటాలి.

జీవన్ వచ్చి కూర్చున్నాడు. హైదరాబాదు బస్సుకి టైమైందని గడియారం చూసుకుంటున్నాడు. అమ్మ ఇందాక చెప్పకుండా బజారుకి పోయి ఇప్పుడే వచ్చింది. ముదురు ఆకుపచ్చ నేత చీర ఒకటి తెచ్చింది, ఎర్రంచు. వియ్యపురాలికి పెట్టాల్సిన చీర ఇన్నాళ్లూ పెట్టలేదట, కవరుతో పాటు పంపమంటోంది. ఆమెకి కట్టుకోవడం రాదేమోనమ్మా అన్నాను.

"రాకపోతే ఏంది, ఒళ్లంతా కప్పుకుని బండెక్కమను. ఇంటికొచ్చినాక నేను కడతా" అంది.

ఇట్లు,
నీకిచ్చిన మాట తప్పిన మీ అక్క,
కోటేశ్వరి